ద్విచక్ర వాహన ప్రయాణము: ఋతువులకు తగిన రక్షణ దుస్తులు

మన దేశమున మోటారు సైకిలు, స్కూటరు సామాన్య గృహస్థుని వాహనములు. పొలమునకు పోవు రైతు, బడికి పోవు ఉపాధ్యాయురాలు, ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు యువకుడు, సంతకు కూరగాయలు తీసికొనిపోవు చిన్న వ్యాపారి, అందరును వీనినే ఆశ్రయించుచున్నారు. కారులో కూర్చున్నవానికి చుట్టును ఇనుప గోడలు, పైన కప్పు ఉన్నవి. ద్విచక్ర వాహనము నెక్కినవానికి అట్టి రక్షణ లేదు. ఎండయు, వానయు, చలిగాలియు, తుదకు రోడ్డును నేరుగా అతని శరీరమునకే తగులును. అతడు ధరించిన వస్త్రమే అతనికి గోడ. తలపైనున్న శిరస్త్రాణమే అతనికి కప్పు.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున దేశములో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించిరి. వీరిలో సుమారు 75 వేలమంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములపై ప్రయాణించుచుండినవారే. శిరస్త్రాణము ధరింపక మరణించినవారి సంఖ్య 50,029. వీరిలో 14,337 మంది వాహనము నడుపువారు కారు, వెనుక కూర్చున్నవారు. ఈ సంఖ్యల వెనుక ఎన్ని కుటుంబములు సంపాదనపరుని, తల్లిని, బిడ్డను కోల్పోయినవో పాఠకులే ఊహించుకొనవచ్చును. ప్రమాదములన్నిటిని దుస్తులు నివారింపజాలవు. కాని చావును గాయముగను, పెద్ద గాయమును చిన్న గాయముగను మార్చు శక్తి వానికి కలదు.

దుస్తులు చేయవలసిన రెండు పనులు

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు మనిషి గోడకు తగిలినయెడల, అతడు సుమారు 6 మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి, నేలపై పడినట్లే. వేగము 60 కిలోమీటర్లయినచో ఆ ఎత్తు 14 మీటర్లగును. వేగము ఒకటిన్నర రెట్లు పెరుగగా దెబ్బ రెండు రెట్లకు మించి పెరిగినది. వీధి చివరి అంగడికే గదా పోవుచున్నామని శిరస్త్రాణమును ఇంటిలో విడిచి పోవువారు ఈ లెక్కను గమనింపవలెను.

పడినవానికి రెండు విధముల హాని కలుగును. మొదటిది తాకిడి, దీనివలన ఎముకలు విరుగును, మెదడు దెబ్బతినును. రెండవది రాపిడి, శరీరము రోడ్డుపై జారుచు పోవునపుడు చర్మమును, దాని క్రింది మాంసమును కంకరరాళ్లు చెక్కివేయును. దుస్తులు ఈ రెండింటికి అడ్డుపడవలెను. ఇది మొదటి పని.

రెండవ పని అంతగా కంటికి కనబడదు. ఎండదెబ్బ తగిలినవానికి తల తిరుగును. చలికి కొంకర్లుపోయిన వ్రేళ్లు బ్రేకును సకాలమున నొక్కజాలవు. వానలో తడిసి వణకుచున్నవాని దృష్టి దారిపై కాక ఇంటిపై నుండును. కావున శరీరమును సమశీతోష్ణముగ నుంచుట సుఖము కొరకు మాత్రమే కాదు. ప్రమాదము జరుగకముందే దానిని తప్పించు ఉపాయమది.

శిరస్త్రాణము

అరేబియా లారెన్సుగా ప్రసిద్ధుడైన ఆంగ్లేయ సైనికాధికారి 1935 మే నెలలో మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి, ఆరు దినములు స్పృహ లేకుండ పడియుండి మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఇట్టి మరణములను ఆపు మార్గము లేదా యను ప్రశ్నను ఆయన పట్టుకొని, సైనిక వార్తాహరుల గాయములను పరిశీలించి, 1941లో శిరస్త్రాణముల ప్రయోజనమును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. బ్రిటిషు సైన్యము ఆ సంవత్సరముననే మోటారు సైకిలు వార్తాహరులకు శిరస్త్రాణమును నిర్బంధము చేసెను. అనేక దేశముల పరిశోధనలను కూర్చి చూచిన మీదట శిరస్త్రాణము మరణభయమును నూటికి 42 పాళ్లు, తలగాయమును నూటికి 69 పాళ్లు తగ్గించునని తేలినది.

ఇది పనిచేయు విధానము సులభముగ గ్రహింపవచ్చును. పైనున్న గట్టి చిప్ప దెబ్బను ఒకచోట నిలువనీయక విశాలముగ పంచును. లోపలనున్న థర్మోకోలు వంటి దళసరి పొర నలిగి, దెబ్బ యొక్క బలమును తనలో ఇముడ్చుకొనును. అది నలుగుటయే మెదడుకు రక్ష. ఒకసారి నలిగిన పొర మరల ఉబ్బదు. కావున గట్టి దెబ్బతిన్న శిరస్త్రాణము పైకి చెక్కుచెదరకుండినను దానిని మార్చివేయవలెను. లోపలి పొర లేని ప్లాస్టిక్ టోపీలు పోలీసువారి కన్నుగప్పుటకే గాని తలను కాపాడుటకు పనికిరావు.

కొనునపుడు ఐ.ఎస్.ఐ. ముద్రయు, ఐ.ఎస్. 4151 అను ప్రమాణసంఖ్యయు ఉన్నవో లేవో చూడవలెను. 2021 జూన్ 1వ తేదీ నుండి ఈ ముద్ర లేని ద్విచక్ర వాహన శిరస్త్రాణములను తయారుచేయుటయు, అమ్ముటయు చట్టవిరుద్ధము. దవడను కూడ కప్పు పూర్తి శిరస్త్రాణము, సగము తలను మాత్రమే కప్పుదానికంటె మేలు. ముందునకు పడునపుడు గడ్డమే మొదట నేలకు తగులుట కలదు.

కొలత విషయమున అశ్రద్ధ పనికిరాదు. కనుబొమలకు కొంచెము పైన టేపుతో తల చుట్టుకొలత తీసికొని, దానికి సరిపడునది ఎన్నుకొనవలెను. ధరించి తలను అటునిటు త్రిప్పినపుడు శిరస్త్రాణము తలతోపాటు తిరుగవలెను గాని విడిగ కదలరాదు. పట్టీ బిగించిన పిమ్మట దానికిని గడ్డమునకును నడుమ రెండు వ్రేళ్లు మాత్రమే దూరవలెను. అప్పుడు వెనుకనుండి పైకెత్తి చూచినచో అది ఊడి రాకూడదు. పట్టీ బిగింపని శిరస్త్రాణము తల నేలను తాకకముందే ఎగిరిపోవును. ముఖమునకు అడ్డముగ నుండు అద్దము తెల్లనిదై యుండుట మంచిది. నల్లని అద్దము పగటియెండలో హాయిగ నున్నను సంధ్యవేళ గోతిని, పశువును కనబడనీయదు.

జాకెట్టును ఎన్నుకొనుట

మోటారు సైకిలు జాకెట్టనగా చలికోటు కాదు. అది మూడు భాగముల కూర్పు. పైన రాపిడికి ఓర్చుకొను గట్టి గుడ్డ లేక తోలు. భుజములు, మోచేతులు, వీపు వద్ద దెబ్బను మ్రింగు మెత్తలు. లోపల ఋతువునుబట్టి తీసివేయుటకు వీలైన పొరలు. మెత్తలపై ఇ.ఎన్. 1621 అను ఐరోపా ప్రమాణసంఖ్య యుండుట మంచి గుర్తు. వానిలో రెండవ స్థాయివి మొదటి స్థాయివానికంటె ఎక్కువ దెబ్బను ఆపును. కొన్ని జాకెట్లలో వీపుమెత్త స్థానమున పలుచని స్పాంజి ముక్క మాత్రమే పెట్టి అమ్ముదురు. చేతితో నొక్కి, ముద్ర చూచి కొనవలెను.

తోలు రాపిడికి బాగుగ నిలుచును; కాని బరువు, వేడి, తడిసిన ఆరుట ఆలస్యము. మందపు నైలాను, పాలియెస్టరు గుడ్డలు తేలిక, ధర తక్కువ, మన శీతోష్ణస్థితికి అనుకూలము. పలుచని నైలాను గాలికోటు రాపిడి వేడికి కరగి చర్మమునకు అంటుకొనును; దానిని రక్షణ దుస్తుగ భావింపరాదు. కుట్లు రెండు మూడు వరుసలుగ నుండవలెను, ఏలయనగా గుడ్డ నిలిచినను కుట్టు పిగిలినచో ప్రయోజనము లేదు.

అంగడిలో నిలుచుండి అద్దములో చూచుకొనుట చాలదు. వాహనముపై కూర్చున్న భంగిమలో చేతులు ముందునకు చాపి చూడవలెను. అప్పుడు మోచేతి మెత్త మోచేతిపైననే యుండవలెను, నడుము బయటపడరాదు. వదులు జాకెట్టులో మెత్తలు పడినపుడు ప్రక్కకు జరిగిపోవును.

అన్నియు ఒకేసారి కొనుటకు అందరికిని శక్తి యుండదు. అట్టివారు మొదట మంచి శిరస్త్రాణము, పిదప చీలమండలను కప్పు బూట్లు, తరువాత చేతిజోళ్లు, ఆ తరువాత జాకెట్టు, మోకాటి మెత్తలు అను వరుసను పాటింపవచ్చును. జాకెట్టు కొనువరకు నిండుచేతుల దళసరి చొక్కా అయినను పొట్టిచేతుల చొక్కాకంటె నయము. అది ఎండను ఆపును గాని రోడ్డుపై జారునపుడు క్షణములో చినిగిపోవునని మాత్రము మరువరాదు.

వేసవి

రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుట కలదు. మన చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి దానికంటె చల్లగ నున్నంతవరకు ఎదురుగాలి శరీరమును చల్లబరచును. గాలి 42, 43 డిగ్రీలకు చేరినపుడు పరిస్థితి తారుమారగును. వేగముగ తగులు గాలి పొయ్యి సెగవలె శరీరమునకు వేడినిచ్చును. అప్పుడు చల్లబరచునది చెమట ఆరుట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆరునపుడు సుమారు 580 కిలో కేలరీల వేడిని శరీరమునుండి తీసికొనిపోవును. చేతులు, మెడ బయటపెట్టి పోవువాని చెమట ఎదురుగాలికి వెంటనే ఎగిరిపోయి చర్మము మాడును. శరీరములోని నీరు త్వరగ తరుగును. కావున వేసవిలో దుస్తులు విప్పుట పరిష్కారము కాదు. గాలియాడు దుస్తులు ధరించుట పరిష్కారము.

ఇందుకు జల్లెడవలె రంధ్రములున్న వలగుడ్డ జాకెట్టు తగినది. రంగు లేతదై యుండవలెను. లోపల పలుచని, నిండుచేతుల నూలు బనియను ధరింపవచ్చును. తెలంగాణము, రాయలసీమల పొడిగాలిలో ఆ బనియనును నీటిలో తడిపి పిండి తొడుగుకొన్నచో చాలసేపు చల్లదనమునిచ్చును. విశాఖపట్టణము, చెన్నై వంటి సముద్రతీర నగరములలో గాలియందు తేమ హెచ్చు గనుక ఈ ఉపాయము అంతగ ఫలింపదు. అచ్చట నీడలో తరచుగ ఆగుటయే మేలు. శిరస్త్రాణము క్రింద పలుచని నూలుగుడ్డ కట్టుకొన్నచో చెమట కన్నులలోనికి కారదు. ఆ గుడ్డను దినమున కొకసారి ఉతుకవలెను.

వీలైనంతవరకు మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు ప్రయాణము మానవలెను. సరకులు చేరవేయు పనివారికి ఇది సాధ్యము కాకపోవచ్చును. వారికి నీడయు, నీరును, కొలదిసేపు విరామమును కల్పించుట పని చెప్పువారి విధి. దాహము వేయకముందే నీరు, మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసము, లేక ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగుచుండవలెను. తలనొప్పి, వాంతి, కండరముల నొప్పి, తల తిరుగుట కనబడిన తోడనే వాహనము ఆపవలెను. మాట తడబడుట, మతి తప్పుట, ఒడలు కాలిపోవుట వడదెబ్బకు గుర్తులు. అట్టివానిని నీడకు చేర్చి, శిరస్త్రాణము, జాకెట్టు తీసి, ఒంటిపై చల్లని నీరు పోసి విసరుచు, వెంటనే 108కి ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

వర్షాకాలము

నైరృతి ఋతుపవనములు సాధారణముగ జూన్ మొదట కేరళమును తాకి క్రమముగ దేశమంతట వ్యాపించును. నెల్లూరు తీరమునకును, తమిళనాడునకును అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములు వాన నిచ్చును. తొలకరి జల్లు పడిన మొదటి కొన్ని నిమిషములు మిక్కిలి అపాయకరములు. రోడ్డుపై పేరుకొన్న నూనె, ధూళి నీటితో కలిసి జారుడు పొరగ మారును. అట్టి వేళ కొంతసేపు ఆగి, రోడ్డు కడుగబడిన తరువాత పోవుట వివేకము.

వానకోటు చొక్కా, పంట్లాము రెండుగ నుండునది కావలెను. మోకాళ్లవరకు వ్రేలాడు ఒంటికోటు గాలికి ఎగిరి చక్రములో, గొలుసులో చిక్కుకొనును. కుట్లకు లోపల పట్టీ అతికించి యున్నదో లేదో చూడవలెను. నీరు గుడ్డనుండి కాక కుట్టు రంధ్రములనుండి దూరును. వలగుడ్డ జాకెట్టు ఉన్నవారు దానిపై తొడుగుకొనుటకు వీలైన పెద్ద కొలత వానకోటు కొనవలెను. రంగు పసుపు లేక నారింజ ఉండి, వెలుతురు పడగానే మెరయు పట్టీలు ముందు వెనుకల నున్నచో మబ్బుచీకటిలో లారీ నడుపువానికి దూరమునుండియే కనబడును. నలుపు, బూడిదరంగు కోట్లు వానలో కలిసిపోవును.

వెనుక కూర్చున్నవారు గొడుగు పట్టుట మన వీధులలో తరచు కనబడు దృశ్యము. గాలి గొడుగును పట్టి లాగినపుడు పట్టినవారు వాహనమునుండి వెనుకకు పడుదురు. ఇట్టి పతనములో తల వెనుకభాగము నేలకు కొట్టుకొనును. గొడుగుతో ప్రయాణము ఎంతమాత్రము కూడదు.

అద్దమునకు ఆవిరి పట్టినచో దానిని కొంచెము పైకెత్తి గాలి పోనీయవలెను. తడిసిన బట్టలతో వేగముగ పోవుట వలన 25 డిగ్రీల వేడిమిలోనైనను శరీరము వణకును. కావున పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో వెంట నుంచుకొనవలెను. ఇల్లు చేరిన పిమ్మట శిరస్త్రాణపు లోపలి గుడ్డను, చేతిజోళ్లను, బూట్లను నీడలో గాలికి ఆరబెట్టవలెను. తడి వస్తువులను మరునాడు అట్లే ధరించుట తామర వంటి చర్మవ్యాధులకు దారితీయును. పొయ్యి దగ్గర ఆరబెట్టినచో తోలు బీటలు వారును, శిరస్త్రాణపు లోపలి పొర చెడును.

శీతకాలము, కొండదారులు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున అచ్చట మంచు చూచుటకై యువకులు నర్సీపట్నము మీదుగ వాహనములపై పోవుచుందురు. మైదానమున బయలుదేరునపుడు చాలినట్లు తోచిన పలుచని స్వెట్టరు ఘాటు ఎక్కిన పిదప చాలదు. ఏలయనగా ప్రతి 1,000 మీటర్ల ఎత్తునకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడును. దీనికి వాహనవేగము తోడగును. గాలి 10 డిగ్రీలున్నపుడు 60 కిలోమీటర్ల వేగముతో పోవువాని బయటి చర్మమునకు అది 5 డిగ్రీలుగను, 5 డిగ్రీలున్నపుడు మంచు గడ్డకట్టు స్థాయికి 2 డిగ్రీలు దిగువగను తోచును.

చలికి ఒక్క దళసరి కోటుకంటె మూడు పొరలు మేలు. ఒంటికి అంటియుండునది చెమటను బయటికి పంపు ఉన్ని లేక సన్నని కృత్రిమ నారగుడ్డ. నూలు చెమటతో తడిసి చలిని పెంచును. నడుమ వేడిని నిలుపు ఉన్ని స్వెట్టరు. పైన గాలిని చొరనీయని జాకెట్టు. పొరలనడుమ నిలిచిన గాలియే నిజమైన దుప్పటి. కావున అతి బిగువుగ తొడుగరాదు. దారిలో ఆకస్మికముగ చలి పెరిగినచో జాకెట్టు లోపల రొమ్ముపై వార్తాపత్రిక పరచుకొనుట పాత ఉపాయమైనను పనిచేయును. మఫ్లరు కట్టుకొన్నచో కొనలు జాకెట్టు లోనికి దోపవలెను.

మనాలి నుండి సుమారు 3,500 మీటర్ల ఎత్తుననున్న లేహ్ పట్టణమునకు పోవువారికి ఒకే దినమున ఎండ, వాన, మంచు ఎదురుకావచ్చును. వారు వేసవి జాకెట్టునకు చలిపొర, వానపొర వేరుగ తీసికొనిపోవుట ఉత్తమము. శరీరపు లోపలి వేడి 35 డిగ్రీలకు దిగువ పడినచో ఆపద. ఆపుకొనలేని వణకు, తడబాటు, మగత దాని గుర్తులు. అట్టివానిని గాలి తగులని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, కంబళి కప్పి, స్పృహ యున్నచో తియ్యని వేడి పానీయమీయవలెను. మద్యము చలి పోగొట్టునను నమ్మకము అపోహ. అది చర్మపు రక్తనాళములను వెడల్పుచేసి లోపలి వేడిని బయటికి పంపివేయును.

చేతులు, పాదములు

పడుచున్న మనిషి అప్రయత్నముగ అరచేతులు ముందుకు చాపును. అరచేతి చర్మము ఊడినవాడు వారములకొలది అన్నము కలుపుకొని తినలేడు, పనిముట్టు పట్టలేడు. అరచేతి మడమ వద్ద తోలు లేక గట్టి మెత్త ఉండి, మణికట్టు వద్ద పట్టీ కల చేతిజోళ్లు ఎన్నుకొనవలెను. వేసవికి రంధ్రములున్నవి, చలికి దళసరివి వేరుగ నుండుట మంచిది. ఎట్టివైనను బ్రేకుపిడి స్పర్శ వ్రేళ్లకు తెలియవలెను.

చెప్పులు పాదమునకు రక్షణ కావు. వానలో గేరుపైనుండి జారును, పడినపుడు ముందుగ ఊడిపోవును. చీలమండలను కప్పు, అడుగున పట్టుగల బూట్లు అవసరము. బూట్ల దారములు గేరుకడ్డీకి చిక్కకుండ లోనికి దోపవలెను. నిండు పంట్లాము ధరించినచో పొగగొట్టము వలన పిక్కలు కాలుట కూడ తప్పును.

వెనుక కూర్చుండువారు, స్త్రీలు, పిల్లలు

చీరకొంగు, చున్నీ, బురఖా అంచు చక్రములో చుట్టుకొని జరుగు ప్రమాదములు మన దేశమున విశేషము. చున్నీ మెడకు చుట్టియున్నచో ఉరి బిగియును. కేంద్ర మోటారు వాహన నియమముల 123వ నియమము ప్రకారము వెనుకవారికి చేతిపట్టు, కాలిపీట, వెనుక చక్రమును సగమైనను కప్పు అడ్డు ప్రతి వాహనమునకు ఉండవలెను. అందము కొరకు ఆ అడ్డును తీసివేయించువారు తమ ఇంటివారి ప్రాణములతో ఆడుకొనుచున్నారు. చున్నీని జాకెట్టు లోపల పెట్టుకొనుట, చీరకొంగును నడుమునకు దోపుకొనుట, రెండు ప్రక్కల కాళ్లు వేసి కూర్చుండుట క్షేమకరము.

చట్టములోని 129వ విభాగము నాలుగేండ్లు దాటిన ప్రతివానికి శిరస్త్రాణమును విధించినది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్లవరకు గల పిల్లలకు రక్షణపట్టీయు, తలకు సరిపడు శిరస్త్రాణమును ఉండవలెననియు, అప్పుడు వేగము 40 కిలోమీటర్లు దాటరాదనియు 2022లో ప్రకటించిన నియమము 2023 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చినది. తండ్రి తలపై శిరస్త్రాణముండి, ముందు నిలుచున్న బిడ్డ తల బోడిగనుండుట చూచుటకు బాధాకరమైన దృశ్యము.

ప్రమాదము జరిగినయెడల

పడినవాని శిరస్త్రాణమును తొందరపడి లాగరాదు. మెడయెముక విరిగియున్నచో ఆ లాగుడు వలన కాలుసేతులు శాశ్వతముగ చచ్చుబడవచ్చును. అద్దము పైకెత్తి, పట్టీ వదులుచేసి, శ్వాస ఆడుచున్నదో లేదో చూడవలెను. శ్వాసకు అడ్డము వచ్చినపుడు మాత్రమే ఒకరు తలను, మెడను కదలకుండ పట్టుకొనగా మరియొకరు మెల్లగ తీయవలెను. 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. సద్బుద్ధితో సాయపడినవారికి 2019 సవరణ చట్టములోని 134ఎ విభాగము రక్షణ నిచ్చుచున్నది, కేసులకు వెరవనక్కరలేదు.

గీరుకొన్న గాయములను శుభ్రమైన నీటితో కడిగి, మట్టి పోగొట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికి చూపి ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. కాఫీపొడి, పేడ, సిరా పూయుట హానికరము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఐ.ఎస్.ఐ. ముద్ర, సరియైన కొలత, బిగించిన పట్టీ: ఈ మూడును కలిసిననే శిరస్త్రాణము.
2. జాకెట్టులో మెత్తలు, గట్టి కుట్లు, సరిపడు కొలత ముఖ్యము. అందము తరువాతి మాట.
3. వేసవిలో గాలియాడు గుడ్డ, లేత రంగు, తరచుగ నీరు.
4. వానలో రెండు భాగముల కోటు, మెరయు రంగు, గొడుగు కూడదు.
5. చలిలో మూడు పొరలు, వెచ్చని చేతిజోళ్లు, మద్యము కూడదు.
6. వ్రేలాడు కొంగు, చున్నీ, దారము ఏదియు ఉండరాదు.
7. నడుపువానికి ఏ రక్షణయో వెనుకవారికిని, బిడ్డకును అదియే రక్షణ.

ప్రతి ప్రయాణమును మనము క్షేమముగ చేరుదుమను నమ్మకముతోనే ప్రారంభింతుము. దుస్తులు ధరించుటకు పట్టునది రెండు మూడు నిమిషములు. ఇంటివద్ద ఎదురుచూచువారి కొరకు ఆ కొద్ది నిమిషములను వెచ్చించుట ప్రతి వాహనచోదకుని కర్తవ్యము.